అర్థింగ్

మా పెద్దోడు పోయిన ఏడాది బక్రీద్ సెలవుల్లో భుజానికి ఒక పొడుగాటి నల్ల సంచి తగిలించుకొని ఇంటికొచ్చాడు. సంచి వాడికంటే ఒక జానెడే పొట్టి. మా అబ్బా తఖ్తు మీద కూర్చొని ఉర్దూ అఖ్బార్ చదువుతున్నారు. కళ్లజోడు ముక్కు మీదికి దించి, "క్యా రే, బందూక్ లాయా క్యా?" అన్నారు.

"గిటార్ దాదా."

సంచి విప్పగానే అబ్బా లెక్కపెట్టారు. "గిటార్‌కు ఆరు తీగలుండాలె కదా. దీనికి నాలుగే ఉన్నయి. మిగతా రెండూ అమ్మినోడే ఉంచుకున్నడా?"

"ఇది బాస్ గిటార్ దాదా. నాలుగే ఉంటయి."

"అయితే సగం ధరకే ఇచ్చిండా?"

నిజంగానే సగం ధర కంటే తక్కువకే ఇచ్చాడట. వాడి కాలేజీ సీనియర్ ఎమ్మెస్ చదవడానికి అమెరికా పోతూ, బాసూ దాంతోపాటు ఒక చిన్న ఆంప్లిఫయరూ కలిపి 6,500కి వదిలించుకున్నాడు. ఆ పైసలు వాడు రెండు ఈద్‌ల ఈదీలోంచీ, పిల్లలకు ట్యూషన్ చెప్పిన సంపాదనలోంచీ కూడబెట్టుకున్నవి. నన్ను ఒక్క రూపాయి అడగలేదు. అయినా నాకు గుస్సా వచ్చింది. ఆ సెమిస్టర్‌లో వాడికి రెండు సబ్జెక్టులు పోయాయి. ఆ సంగతి నాతో చెప్పలేదు; మెమో నా కంట్లో పడింది. రెండు సబ్జెక్టులు పోగొట్టుకున్నవాడు నాలుగు తీగలు ఇంటికి తెచ్చాడన్నది నా లెక్క.

తెచ్చిన మాల్ కూడా అట్లాగే ఉంది. తీగలు మెడకు ఎంత ఎత్తులో ఉన్నాయంటే, కింద నుంచి పెన్సిల్ దూరుతుంది. నొక్కితే వేళ్లు ఎర్రబడుతున్నాయి. ఫ్రెట్ల అంచులు చేతికి గీసుకుంటున్నాయి. ఆంప్‌కు తగిలిస్తే పాట కంటే ముందు గుయ్యిమని ఒకటే రొద, పెళ్లి షామియానాలో ఖరాబైన మైకులాగా. "సస్తా మాల్" అని నేను తీర్పు చెప్పేశాను. వాడు ఏమీ అనలేదు. మా ఇంట్లో మగవాళ్ల ఖామోషీ ఖాన్‌దానీ జబ్బు. అబ్బా నుంచి నాకు, నా నుంచి వాడికి వచ్చింది.

కానీ మీతో సచ్చాయీ చెప్పాలి. నాలుగు రోజులు తిరిగేసరికి ఆ సస్తా మాల్ షౌఖ్ నాకే పట్టుకుంది.

నాది పేపర్ ఉద్యోగం, నైట్ డెస్క్. ఎడిషన్ వదిలి ఇల్లు చేరేసరికి ఒంటిగంట దాటుతుంది. అందరూ పడుకున్నాక నేనొక్కణ్నే దాని మరలు విప్పి లోపల చూసేవాణ్ని. నేను పదో తరగతి దాకా ఉర్దూ మీడియం. మా సైన్సు మాస్టర్ సాబ్ అయస్కాంతాన్ని మఖ్నాతీస్ అనేవారు, విద్యుత్ ప్రవాహాన్ని బర్ఖీ రౌ, నిరోధాన్ని ముజాహమత్. డిగ్రీలో తెలుగు తీసుకున్నాక ఆ మాటలు పెట్టెలో మడతబెట్టిన షేర్వానీల్లాగా ఉండిపోయాయి. ఈ బాస్ ప్లేటు విప్పినప్పుడు, ముప్ఫై ఏళ్ల తర్వాత ఒక్కొక్కటీ బయటికొచ్చాయి.

తీగల కింద నల్లటి పట్టీలు రెండు ఉంటాయి. వాటిని పికప్ అంటారు. ఒక్కో దాంట్లో చిన్న మఖ్నాతీస్‌లు, వాటి చుట్టూ వెంట్రుక కంటే సన్నటి రాగి తీగ వేల చుట్లు. పైన ఉక్కు తీగ ఊగితే కింద రాగి చుట్టలో బర్ఖీ రౌ పుడుతుంది. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే. అది సన్నటి కరెంటు. మీటలు దాటి, వైరు దాటి ఆంప్‌లోకి వెళ్తే పెద్దదై ఆవాజ్ అవుతుంది. ఉర్దూలో తార్ అంటే కరెంటు తీగా అవుతుంది, సాజ్ మీద తీగా అవుతుంది. తెలుగులోనూ తీగ అంటే అంతే. రెండు భాషలూ ముందే ఒక మాట మీద ఉన్నాయన్నమాట.

దీన్ని ఇప్పటి రూపానికి తెచ్చిన లియో ఫెండర్ గురించి కూడా ఆ రాత్రుల్లోనే చదివాను. ఆయనకు గిటార్ వాయించడం రాదు. కాలిఫోర్నియాలో ఫుల్లర్టన్ అనే ఊళ్లో రేడియో మరమ్మత్ దుకాణం నడిపినవాడు. 1951లో ప్రెసిషన్ బాస్ అమ్మకానికి పెట్టాడు. అప్పటిదాకా బాస్ అంటే మనిషెత్తు ఫిడేలు, కారు కప్పు మీద కట్టుకొని తిరగాల్సిన సామాను. 1960లో జాజ్ బాస్ వచ్చింది. మావాడు తెచ్చింది దానికి నఖల్. బ్రిడ్జి నుంచి నట్టు దాకా 34 అంగుళాల తీగ, రెండు పికప్‌లు, మూడు మీటలు. కొలతలన్నీ అసల్‌వే. సామానూ, పనితనమూ సస్తా.

ఇక్కడే నా దిమాగ్ తప్పుదారి పట్టింది. రొద వస్తోందంటే పికప్‌లే ఖరాబ్ అని తేల్చేశాను. మావాడు ఒకసారి మెల్లగా, "అబ్బూ, ముందు తీగలు మార్చి, ఎత్తు సరిచేసి, లోపల వైర్లు ఎవరికన్నా చూపిద్దామా?" అన్నాడు. "నువ్వు ఆ రెండు సబ్జెక్టుల సంగతి చూడు, ఇది నేను చూస్తా" అన్నాను. 5,200 పెట్టి కొత్త పికప్‌ల జత తెప్పించాను. వాడి బాస్‌కు, వాణ్ని అడక్కుండా.

జాజ్ బాస్ పికప్‌లలో ఒక మెలిక ఉంది. మెడ వైపుది కాస్త పొట్టి, బ్రిడ్జి వైపుది కాస్త పొడుగు. మా నఖల్‌లో రెండు గుంటలూ ఒకే సైజు. పొడుగుది పట్టలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం ఉలి పెట్టి గుంట అంచు చెక్కాను. పైన రంగు పెచ్చు లేచింది. ఎట్లాగో ఇరికించి, రేకుల డబ్బా అతికించే సోల్డరింగ్ ఐరన్‌తో టాంకా కొట్టి, ఆంప్ ఆన్ చేశాను.

గుయ్యి.

అదే రొద, అదే పక్కా షామియానా మైకు. మావాడు పెచ్చు లేచిన చోట వేలితో తడిమాడు. "ఠీక్ హై అబ్బూ" అని లోపలికి వెళ్లిపోయాడు. అరిచినా బాగుండేది.

మర్నాడు బాస్ సంచిలో పెట్టుకొని, వాణ్ని బండి వెనకాల ఎక్కించుకొని, కోఠీలో గుజరాతీ గల్లీ దగ్గర చాచా దుకాణానికి పోయాను. చాచా అంటే నా సొంత చాచా కాదు. అబ్బాకు దోస్త్. నా చిన్నప్పుడు మా మర్ఫీ రేడియోకు ఇలాజ్ చేసిన మనిషి. ఇప్పుడు డెబ్బై దాటాయి. రేడియోలు పోయాక టేప్ రికార్డర్లు, అవి పోయాక టీవీలు, అవీ పోయాక ఇప్పుడు మర్ఫా బ్యాండ్ల వాళ్ల ఆంప్లిఫయర్లూ, జల్సాల మైకులూ బాగుచేస్తారు. చేతులు కొంచెం వణుకుతాయి. అందుకని టాంకా కొట్టేముందు కుడి మణికట్టును ఎడమ చేత్తో పట్టుకుంటారు.

ఆయన బాస్ విప్పలేదు. ముందు తన ఆంప్‌కు తగిలించి రొద విన్నారు. తర్వాత తీగల మీద చెయ్యి వేశారు. రొద తగ్గలేదు. చెయ్యి తీసి, వైరు దూర్చిన చోట ఉన్న ఇనప పట్టీని ఒక్క వేలితో తాకారు. రొద టక్కున తగ్గింది. మళ్లీ తీగలు: రొద. మళ్లీ పట్టీ: ఖామోష్. హకీం సాబ్ నబ్జ్ చూసినట్టుంది.

"క్యా కరే బాబా తుమ్?" అన్నారు నన్ను చూసి. "కొత్త పికప్‌లు ఏసినవా? మర్జ్ కాలిలో ఉంటే పండ్లు కట్టించినవ్. దీని అర్థింగ్ తెగింది."

తర్వాత మావాడికి సమ్‌ఝాయించారు. మన ఇళ్లలో గోడల నిండా కరెంటు తీగలే. వాటి నుంచి వచ్చే రొదను పట్టుకునే ఏంటెనా మన ఒళ్లే. బాస్ వాయించేవాడు దాన్ని కడుపుకు ఆనించుకొని నిలబడతాడు, రొద లోపలికి పోతుంది. అందుకే లోపలి నుంచి బ్రిడ్జి కిందికి ఒక సన్నటి తీగ వేస్తారు. తీగల మీద చెయ్యి పడగానే మనిషి కూడా ఆ సర్క్యూట్ జమీన్‌తో కలుస్తాడు, రొద ఆగుతుంది. ఆ ఒక్క తీగ తెగితే ఎన్ని వేల పికప్‌లు పెట్టినా ఫాయిదా లేదు.

బ్రిడ్జి మరలు ఐదు విప్పారు. కింద చెక్కలో చిన్న రంధ్రం, అందులో తీగ కొస నల్లబడి తెగి ఉంది. కొత్త తీగ ముక్క పది రూపాయలు కూడా ఉండదు. చాచా సోల్డరింగ్ ఐరన్ ఎత్తి, తన చేతిని ఒకసారి చూసుకొని, మావాడికిచ్చారు. "తూ మార్ టాంకా. ముందు చోటును వేడి చెయ్, తర్వాత రాంగా పెట్టు. రాంగాను వేడి చెయ్యకు." వాడు కొట్టాడు. అద్దంలా మెరిసే చిన్న చుక్క. చాచా భూతద్దంతో చూసి నాతో అన్నారు: "ఇస్కే హాథ్ మే హునర్ హై. నీ టాంకా చూసిన్నా? మేక పెంటిక లెక్క ఉంది."

వాడు నవ్వాడు. చాలా రోజుల తర్వాత నా ముందర.

ఆ వారం ఇద్దరం కూర్చున్నాం. ఈసారి వాడు చెప్పాడు, నేను చేశాను. మెడ లోపల ఒక ఇనప కడ్డీ ఉంటుంది, ట్రస్ రాడ్ అంటారు. నాలుగు తీగలూ కలిసి మెడను 70, 80 కిలోల బరువుతో లాగుతుంటాయి. ఆ లాగుడును కడ్డీ ఎదుర్కొంటుంది. దాని నట్టును ఒక్కసారి పావు చుట్టు కంటే ఎక్కువ తిప్పకూడదు. తిప్పాక ఆగి చూడాలి, చెక్క సర్దుకోవడానికి సబర్ కావాలి. మొదటి ఫ్రెట్, చివరి ఫ్రెట్ దగ్గర తీగ నొక్కి పట్టి, మధ్యలో ఒక విజిటింగ్ కార్డు దూరేంత సందు ఉంటే చాలు. ఆ తర్వాత బ్రిడ్జి మీది చిన్న మరలతో తీగల ఎత్తు 12వ ఫ్రెట్ దగ్గర రెండు, రెండున్నర మిల్లీమీటర్లకు దించాం. ఫ్రెట్ల అంచులు సన్నటి రేతీతో, తర్వాత ఉప్పుకాగితంతో నున్నగా చేశాం. పికప్‌ల గుంటల్లో రాగి టేపు అతికించి దాన్నీ జమీన్‌తో కలిపాం. వంటింటి అల్యూమినియం ఫాయిల్‌తో సరిపెడదామని నేనన్నాను. దానికి రాంగా అంటదని వాడే చెప్పాడు.

కొత్త తీగలు రెండు వేల చిల్లర. అప్పటికే చేతులు కాలినవాణ్ని కాబట్టి, వాడు చెప్పిన పేదవాళ్ల ఉపాయం చేశాం. పాత తీగలు విప్పి, చుట్టగా చుట్టి, పది నిమిషాలు నీళ్లలో మరిగించాలి. మురికి ఊడి, కొన్నాళ్లు మళ్లీ ఖణ్ణుమంటాయి. మా బేగం వంటింట్లోకి వచ్చి బగోనా మూత తీసి చూసింది. "ఈ రోజు పాయా అనుకుంటే తారోంకా షోర్వానా?" అంది. ఆ బగోనా మళ్లీ పొయ్యెక్కలేదు.

ఆ పనిలో ఉండగానే వాడు నాకు తన ఉస్తాదుల గురించి చెప్పాడు. వాళ్లను వాడు ఎన్నడూ చూడలేదు, విన్నాడంతే. మోటౌన్ పాటల వెనక బాస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ తీగలు తెగితే తప్ప మార్చేవాడు కాదట. బ్రిడ్జి దగ్గర తీగల కింద స్పాంజి ముక్క పెట్టి, ఆవాజ్‌ను గుండె దరువులా మొద్దుగా చేసేవాడు. జాకో పాస్టోరియస్ తన 1962 నాటి జాజ్ బాస్ ఫ్రెట్లన్నీ పీకేసి, సందులు పూడ్చి, పైన పడవలకు పూసే ఎపాక్సీ పూశాడు. పాల్ మెకార్ట్‌నీ 1961లో హాంబర్గ్‌లో కొన్న వయొలిన్ ఆకారపు హాఫ్నర్ బాస్ సుమారు 30 పౌండ్లు, ఫెండర్ కొనే స్తోమత లేక తీసుకున్నది. క్వీన్ బృందంలో బాస్ వాయించిన జాన్ డీకన్ ఎలక్ట్రానిక్స్ చదివినవాడు. చెత్తలో పారేసిన సర్క్యూట్ బోర్డు ఏరుకొచ్చి, దాన్ని స్పీకర్ పెట్టెలో బిగించి ఆంప్ తయారు చేశాడు. ఆ ఆంప్‌నే బ్రయాన్ మే రికార్డింగుల్లో వాడాడు. "అబ్బూ, వీళ్లల్ల ఎవ్వరూ దుకాణంల కొన్నది కొన్నట్టు వాయించలే" అన్నాడు మావాడు. ఇరవై ఏళ్లుగా వార్తలు దిద్దుతున్న నాకు, ఇంట్లో ఇన్ని సంగతులు తెలిసిన మనిషి ఉన్నాడని తెలియదు.

బాస్ ఇప్పుడు వేరే సాజ్. సన్నగా, నిండుగా మోగుతోంది. అడుగు తీగ మీటితే సెకనుకు 41 సార్లు ఊగుతుంది. చెవికంటే ముందు తఖ్తుకు వినిపిస్తుంది. రెండు రోజులు ఇంట్లో ఈద్ మాదిరి ఉంది.

మూడోరోజు పొద్దున బేగం ఫర్ష్ తుడిచింది. ఆరకముందే వాడు ఉత్త కాళ్లతో బాస్ తీసుకొని కూర్చున్నాడు. కాసేపటికి పిలిచాడు. "అబ్బూ, తీగలు ముట్టుకుంటే వేళ్లు జుమ్ అంటున్నయి."

నేనూ ముట్టుకున్నాను. సన్నటి ఝుమ్‌ఝుమ్. చీమలు నడిచినట్టు. ఈ ఝుమ్ నాకు కొత్త కాదు. ఎక్కడో బాగా తెలిసినదే. కానీ అప్పుడు ఆలోచించలేదు. మొన్నటిదాకా లేదు కదా, చాచా ఆ తీగ అతికించాకే వచ్చింది కదా, అయితే ఆ తీగ కత్తిరించేస్తే పోతుంది. ఇదీ నా హిసాబ్. కట్టింగ్ ప్లయర్ చేతిలోకి కూడా తీసుకున్నాను. ఈసారి మాత్రం ఎందుకో ముందు చాచాకు ఫోన్ చేశాను.

ఫోన్‌లో చాచా గొంతు అంత గట్టిగా నేనెప్పుడూ వినలేదు. "ప్లగ్గు పీకు! పహలే ప్లగ్గు పీకు! కత్తిరిస్తవా? దీపం చూపించినోడి చెయ్యి నరుకుతవా?"

గంటలో ఆటోలో వచ్చారు. చేతిలో ఒక హోల్డర్, దానికి బల్బు, రెండు తీగలు. అంతే ఔజార్లు. మా హాల్లో ఉన్న మూడు రంధ్రాల సాకెట్ ముందు గొంతుక్కూర్చున్నారు. ఒక తీగ కుడి రంధ్రంలో, ఒక తీగ ఎడమ రంధ్రంలో పెట్టారు. బల్బు వెలిగింది. ఎడమది తీసి, పైనున్న పెద్ద రంధ్రంలో పెట్టారు. బల్బు చీకటి. వంటింట్లో సాకెట్: చీకటి. ఫ్రిజ్ సాకెట్: చీకటి. మరలు విప్పి చూపించారు. మూడో రంధ్రం వెనక తీగే లేదు. మొత్తం ఇంట్లో ఎక్కడా లేదు.

"మియా, నీ బాస్‌కు అర్థింగ్ ఇచ్చినం. నీ ఘర్‌కే అర్థింగ్ లేదు" అన్నారు.

సంగతి ఇదీ. ఆంప్ ప్లగ్గుకు మూడో కాలు ఉన్నది, దాని ఇనప ఒంట్లోకి కారే కరెంటు నేలలోకి పోవడానికి. మా ఇంట్లో ఆ దారి లేదు. కాబట్టి అది ఆంప్ ఒంట్లోనే నిలిచి ఉంది. బాస్‌లో తీగ తెగి ఉన్నన్నాళ్లూ అది మావాడి వేళ్ల దాకా రాలేదు. మేం తీగ అతికించగానే ఆంప్ ఒళ్లూ, బాస్ తీగలూ ఒకటయ్యాయి. తడి ఫర్ష్ మీద ఉత్త కాళ్లతో కూర్చున్న వాడే ఆ మూడో తీగ అయ్యాడు. ఇప్పటికి ఝుమ్ అనేంతే. ఆంప్ లోపల ఇన్సులేషన్ ఏదో ఒకరోజు పోతే 230 వోల్టులూ వాడి గుండె మీదుగా నేలకు పోయేవి. 1972లో బ్రిటన్‌లో స్వాన్సీ అనే ఊళ్లో, లెస్ హార్వీ అనే గిటారిస్టు అర్థింగ్ లేని మైకును తాకి స్టేజీ మీదే చనిపోయాడు. ఆ కబురు నేను తర్వాత చదివాను. అప్పటికి నా చేతిలో ఆ కట్టింగ్ ప్లయర్ ఇంకా అట్లాగే ఉన్నట్టనిపించింది. తీగ కత్తిరించి ఉంటే ఝుమ్ పోయేది, ఖతరా అట్లాగే ఉండేది, మాకు చెప్పేవాళ్లు లేకుండా.

ఆ ఝుమ్ నాకెక్కడ తెలుసో అప్పుడు గుర్తొచ్చింది. మా ఫ్రిజ్.

మా చిన్నప్పటి నుంచి మా ఇంట్లో ఏ ఫ్రిజ్ ఉన్నా ముట్టుకుంటే ఝుమ్ అనేది. "ఫ్రిజ్‌లో జిన్ ఉంది" అని మేం పిల్లలం ఆడుకునేవాళ్లం. అమ్మీ ఫ్రిజ్ ముందర ఒక జత రబ్బరు చెప్పులు ఎప్పుడూ ఉంచేది. హ్యాండిల్‌కు పాత దస్తర్‌ఖాన్ గుడ్డ ముక్క చుట్టి కట్టింది. ఫ్రిజ్‌లు మారాయి, గుడ్డ మారలేదు. చిరిగితే ఇంకోటి కట్టేది. అందరిళ్లలోనూ ఇంతే కాబోలు అనుకుంటూ మేం పెరిగి పెద్దయ్యాం. అమ్మీ షుగర్‌తో పోయి ఆరేళ్లు. ముప్ఫై ఏళ్లపాటు చన్నీళ్ల సీసా కోసం చెప్పులు తొడుక్కొని పోయింది. మేం ఎవరమూ ఎందుకని అడగలేదు.

అబ్బా తఖ్తు మీద కూర్చొని అంతా వింటున్నారు. కాసేపయ్యాక, మమ్మల్ని చూడకుండా అన్నారు: "87లో ఇల్లు కట్టినప్పుడు వైరింగ్ పనివాడు అడిగిండు. మూడో తీగ వెయ్యాల్నా సాబ్ అని. నేనే వద్దన్న. టీచర్ తన్‌ఖా. స్లాబుకే ఖర్జా తెచ్చిన. దాంతోని బల్బు వెల్గదు, ఫ్యాన్ తిర్గదు, ఎందుకనుకున్న." కొంచెం ఆగి, "మీ అమ్మీ రెండుసార్లు చెప్పింది. గుడ్డ కట్టుకో అన్న" అన్నారు.

ఎవరమూ ఏమీ అనలేదు. చాచా మాత్రం తన దోస్త్ పక్కన కూర్చొని, "అప్పట్ల అందరం అట్లనే కట్టినం భాయ్" అన్నారు. అది నిజమే. అబ్బాకు అది చాలలేదు.

వారంలో పని మొదలుపెట్టించాం. వెనక దాలాన్ మూలన గుంత తవ్వారు. ఎనిమిది అడుగులకు పైగా జీఐ పైపు, చుట్టూ ఒక వరస బొగ్గు, ఒక వరస ఉప్పు. బొగ్గు తేమ పట్టి ఉంచుతుంది, ఉప్పు కరెంటు పోయే దారి సులువు చేస్తుంది. అక్కడి నుంచి గోడల మీద ప్లాస్టిక్ పట్టీల్లో ప్రతి సాకెట్‌కూ పచ్చ తీగ వేశారు. మెయిన్ బోర్డులో ఒక ఆర్‌సీసీబీ బిగించారు. 30 మిల్లీఆంపులు దారి తప్పినా, రెప్పపాటులో కరెంటు కట్ చేస్తుంది. అన్నీ కలిపి 14,300. బాస్, ఆంప్ రెండింటి ధరకు రెండింతల కంటే ఎక్కువ. పైసలు నేను ఇవ్వబోతే అబ్బా ఒప్పుకోలేదు. తన పెన్షన్‌లోంచి ఇచ్చారు.

నేను తెలుగు చదువుకున్నవాణ్ని కాబట్టి ఒక మాట. ఇంగ్లీషువాడి మాట పలకరాక మన గల్లీల్లో అర్థింగ్ అంటారని నేను చాన్నాళ్లు నవ్వుకునేవాణ్ని. ఇప్పుడు నవ్వను. మా ఇంట్లో చాలా సంగతులకు అర్థం తెలిసింది ఆ మాటతోనే.

సస్తా బాస్ కొన్నవాళ్లు, పిల్లలకు కొనిచ్చినవాళ్లు నన్నడిగితే నా హిసాబ్ ఇదీ. ముందు మీ ఇంటి సాకెట్‌లో మూడో తీగ ఉందో లేదో తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. బల్బు పెట్టి మీరే చూడకండి, అది చాచా లాంటివాళ్ల పని. తర్వాత తీగలు, తర్వాత మెడ, ఎత్తు సరిచేయడం. సగం సస్తా బాస్‌లకు ఇదే ఇలాజ్, ఖర్చు దాదాపు సున్నా. ఆ తర్వాత లోపలి టాంకాలు, మీటలు, రాగి టేపు. చెవులు బిగించినా సుతి నిలవకపోతే చెవులు మార్చాలి. పికప్‌లు అన్నిటికంటే చివర. అప్పటికీ కావాలనిపిస్తేనే. నేను చివరి నుంచి మొదలుపెట్టాను. 5,200 పోయాయి, చెక్క పెచ్చు లేచింది. ఆ కొత్త పికప్‌లు బాగానే మోగుతున్నాయి, అబద్ధం చెప్పను. కానీ పాతవీ బాగానే మోగేవని ఇప్పుడు తెలుసు.

మావాడి రెండు సబ్జెక్టుల్లో ఒకటి గట్టెక్కింది, ఇంకోటి ఉంది. శనివారాలు చాచా దుకాణంలో కూర్చొని టాంకాలు కొడుతున్నాడు. చాచా రోజుకు మూడు వందలిస్తున్నారు. లేచిన పెచ్చు మీద రంగు వేయిస్తానంటే వద్దన్నాడు. "ఉండనీయండి అబ్బూ, ఏం కాదు."

అర్థింగ్ గుంతకు ఎండాకాలం నీళ్లు పోస్తుండాలి, తేమ పోతే పని చేయదు. ఆ పని అబ్బా తీసుకున్నారు. వజూ చేసే చోటు నుంచి చిన్న కాలువ తీయించి గుంతలోకి మళ్లించారు. ఐదు పూటలా ఆ నీళ్లు అటే పోతాయి. అసర్ తర్వాత మావాడు సాధన చేస్తుంటే, తఖ్తు పట్టె మీద చెయ్యి ఆనించి కూర్చుంటారు. చెవులు మందం, పాట అందదు. అడుగు తీగ చేతికి తెలుస్తుందట. పాట ఆపితే, "క్యా హువా రే?" అని అడుగుతారు.

ఫ్రిజ్ ముట్టుకుంటే ఇప్పుడు ఏమీ అనదు. మా బేగం ఆ గుడ్డ విప్పబోతే అబ్బా, "రహ్నే దో" అన్నారు. అది అట్లాగే ఉంది.